ఒకే వ్యాధికి అవయవానికొక పేరు: సార్కాయిడోసిస్ చరిత్ర

మన ప్రాంతంలో మెడ మీది గడ్డ నుంచి గాని, చర్మం మీది మచ్చ నుంచి గాని ముక్క తీసి పరీక్షకు పంపినప్పుడు, నివేదికలో ‘గ్రాన్యులోమా’ అన్న మాట కనిపిస్తే వైద్యుని మనసు మొదట క్షయ వైపు వెళుతుంది. చర్మమైతే కుష్ఠు వైపు వెళుతుంది. అందులో తప్పేమీ లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాలలో ఆ ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది. అయితే ఆ రెండూ కాని మూడవ వ్యాధి ఒకటి ఉన్నది. అది ఒకరిలో కంట్లో, ఒకరిలో వేలి ఎముకలో, మరొకరిలో గుండె కండరంలో బయటపడుతుంది. దాని పేరు సార్కాయిడోసిస్. ఇవన్నీ ఒకే వ్యాధి అని గ్రహించడానికి ఐరోపా వైద్యులకు సుమారు డెబ్బై ఏళ్ళు పట్టింది. మన దేశంలో అంతకంటె ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి గల కారణాలు ఇప్పటికీ మన మధ్య ఉన్నవి కనుకనే ఈ చరిత్ర చెప్పదలచాను.

ముందుగా వ్యాధి స్వభావం. మన శరీరంలోని రక్షణ కణాలు ఏదో ఒక దానిని శత్రువుగా భావించి, దాని చుట్టూ మూగి, చిన్న చిన్న ముద్దలుగా గట్టిపడతాయి. ఆ ముద్దే గ్రాన్యులోమా. క్షయలో ఈ ముద్ద నడిమి భాగం కుళ్ళి జున్నులా మెత్తబడుతుంది. సార్కాయిడోసిస్‌లో సాధారణంగా అలా జరగదు. క్షయలో శత్రువు ఎవరో తెలుసు, కుష్ఠులోనూ తెలుసు. ఇందులో మాత్రం నేటికీ నిర్ధారణగా తెలియదు. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు. రోగులలో నూటికి తొంభై మందికి పైగా ఊపిరితిత్తులలో గాని, వాటి మూలాన ఉండే లింఫు గ్రంథులలో గాని ఇది కనిపిస్తుంది. అయినా దీనిని మొదట గుర్తించినది ఊపిరితిత్తులలో కాదు. ఛాతీ లోపలికి చూడగల ఎక్స్‌రే 1895 వరకు లేనే లేదు. కంటికి కనబడే చర్మం మీదనే ఈ కథ మొదలైంది.

1869లో లండన్‌లో జొనాథన్ హచిన్సన్ అనే వైద్యుడు బొగ్గు రేవులో పనిచేసే 58 ఏళ్ళ కార్మికుని చూశాడు. అతని చేతుల మీద, పాదాల మీద ఊదారంగు మచ్చలు దళసరిగా లేచి ఉన్నాయి, నొప్పి లేదు. ఆ రోగికి గౌట్ కూడా ఉండడంతో, మచ్చలు దాని ఫలితమేనని హచిన్సన్ భావించాడు. ఆ మనిషి కొన్నేళ్ళకు మూత్రపిండాలు చెడి మరణించాడు. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, దాని అర్థం బయటపడడానికి మరో వంద సంవత్సరాలకు పైగా పట్టింది. 1898లో హచిన్సన్ ఇటువంటి మరో రోగిని వర్ణిస్తూ, ఆమె ఇంటి పేరు మీదనే ఆ వ్యాధిని ‘మార్టిమర్ వ్యాధి’ అన్నాడు. వైద్యుని పేరుకు బదులు రోగి పేరు వ్యాధికి పెట్టిన సందర్భాలు అరుదు. ఆ పేరు నిలవలేదు.

ఈ హచిన్సన్ మన దేశానికి కూడా వచ్చాడు, అయితే వేరే పని మీద. చెడిపోయిన చేపలు తినడం వల్ల కుష్ఠు వస్తుందని ఆయన గట్టిగా నమ్మేవాడు. 1873లోనే నార్వేలో హాన్సెన్ కుష్ఠు సూక్ష్మజీవిని చూసినా ఆయన నమ్మకం సడలలేదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆ వాదానికి ఆధారాల కోసం భారతదేశంలో పర్యటించి, 1906లో దాని మీద ఒక గ్రంథమే ప్రచురించాడు. సార్కాయిడోసిస్‌ను మొదట చూసిన కన్ను అంతటి పదునైనదే, అయినా కుష్ఠు విషయంలో తాను చూడదలచినదే చూసింది.

1889లో పారిస్‌లో ఎర్నెస్ట్ బెనియే మరో రోగిని వర్ణించాడు. ముక్కు, చెవులు, వేళ్ళు ఊదారంగుకు తిరిగి ఉబ్బి ఉన్నాయి. చలిదేశాలలో మంచుకు వేళ్ళు కందినట్లు కనిపించడం చేత ‘లూపస్ పెర్నియో’ అని పేరు పెట్టాడు. పదేళ్ళ తరువాత, 1899లో, నేటి ఓస్లో నగరమైన క్రిస్టియానియాలో సీజర్ బోయెక్ ఒక పోలీసు ఉద్యోగి చర్మపు గడ్డల నుంచి ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఆ కణాల గుంపు సార్కోమా అనే క్యాన్సరును పోలి ఉన్నా ప్రమాదకరంగా లేదు. అందువల్ల ‘సార్కాయిడ్’, అనగా మాంసపు కంతిని పోలినది, అన్నాడు. ఆ పోలిక నిలవలేదు, పేరు మాత్రం నిలిచింది. ఆ పేరు విని క్యాన్సరేమోనని బెదిరే రోగులు ఇప్పటికీ ఉన్నారు. సీజర్ బోయెక్ పినతండ్రి వరుసైన కార్ల్ విల్హెల్మ్ బోయెక్, డేనియెల్సన్‌తో కలసి 1847లో కుష్ఠు మీద ప్రసిద్ధ గ్రంథం రాసినవాడు. కుష్ఠును ఇంట్లో విద్యగా నేర్చిన కుటుంబం నుంచి వచ్చినవాడే, ఇది కుష్ఠు కాదని తేల్చి చెప్పగలిగాడు. ఒక వ్యాధిని క్షుణ్ణంగా ఎరిగినవాడికే, దానిని పోలినదానిలోని తేడా కనబడుతుందని నా అభిప్రాయం.

ఇక్కడి నుంచి కథ అవయవాల వారీగా చీలిపోయింది. 1909లో డెన్మార్క్‌కు చెందిన నేత్రవైద్యుడు హేర్ఫోర్ట్ కొందరు రోగులను వర్ణించాడు: జ్వరం, కంటి లోపలి పొర వాపు, చెవుల కింది లాలాజల గ్రంథుల వాపు, కొందరిలో మూతి వంకర పోవడం. గవదబిళ్ళల వంటిదేదో అయి ఉంటుందనుకున్నాడు. 1920 ప్రాంతంలో జర్మనీలో యుంగ్లింగ్ అనే శస్త్రవైద్యుడు వేళ్ళ ఎక్స్‌రేలలో ఎముకలు జల్లెడలా చిల్లులు పడి ఉండడం చూసి, దానికి ఎముకల క్షయలో ఒక రకంగా పేరు పెట్టాడు. చర్మవైద్యుడికి అది లూపస్, కంటివైద్యుడికి హేర్ఫోర్ట్ జ్వరం, ఎముకల వైద్యుడికి యుంగ్లింగ్ వ్యాధి. నిజానికి కొన్నిసార్లు ఒకే రోగి ఈ ముగ్గురి వద్దకూ వెళ్ళి ఉండవచ్చు.

వీటిని ఒక చోట చేర్చిన ఘనత ప్రధానంగా స్వీడన్ చర్మవైద్యుడు యోర్గెన్ షౌమన్‌ది. బెనియే లూపస్, బోయెక్ సార్కాయిడ్ వేరువేరు కావనీ, చర్మంతో పాటు టాన్సిళ్ళు, లింఫు గ్రంథులు, ఊపిరితిత్తులు, ఎముకలకు కూడా వ్యాపించే ఒకే వ్యాధి అనీ ఆయన 1914లో ఒక బహుమతి పోటీకి పంపిన వ్యాసంలో రాశాడు. ఆ వ్యాసం అచ్చయింది 1936లో. ఇరవై రెండేళ్ళు! హేర్ఫోర్ట్ జ్వరం కూడా ఈ వ్యాధిలో భాగమేనని 1930ల దశకంలో అంగీకారం కుదిరింది. అంతటి షౌమన్ కూడా దీనిని క్షయకు సంబంధించినదిగానే భావించాడు. 1882లో కోక్ క్షయ సూక్ష్మజీవిని కనుగొన్న తరువాత, సూక్ష్మదర్శిని కింద ఇటువంటి ముద్ద ఏది కనిపించినా క్షయ నీడ పడకుండా చూడడం ఆ తరానికి సాధ్యపడలేదు.

ఆ నీడను కొంత తొలగించినవి రెండు. ఒకటి 1940ల నాటి సామూహిక ఛాతీ ఎక్స్‌రేలు. ఆరోగ్యంగా ఉన్న సైనికులలో, యువకులలో ఊపిరితిత్తుల మూలాన రెండు వైపులా సమంగా ఉబ్బిన గ్రంథులు కనిపించసాగాయి. స్టాక్‌హోమ్‌లో స్వెన్ లోఫ్‌గ్రెన్ 1946లో ఒక విషయం స్పష్టం చేశాడు. కాళ్ళ ముందు భాగాన ఎర్రని నొప్పి గడ్డలు, మడమ కీళ్ళ వాపు, ఛాతీలో ఉబ్బిన గ్రంథులు కలిసి వచ్చిన వారిలో చాలామందికి అది సార్కాయిడోసిస్, దానంతట అదే తగ్గిపోతుంది. రెండవది 1941లో నార్వే వైద్యుడు క్వైమ్ వాడిన చర్మ పరీక్ష. వ్యాధిగ్రస్తుల గ్రంథి కణజాలాన్ని శుద్ధి చేసి చర్మంలోకి సూదితో ఎక్కించి, కొన్ని వారాల తరువాత అక్కడ గ్రాన్యులోమా ఏర్పడినదా అని చూసేవారు. మానవ కణజాలం ఎక్కించడంలో ఉన్న ప్రమాదం వల్ల ఆ పరీక్ష క్రమంగా మూలపడింది. 1958లో లండన్‌లో జెరెయింట్ జేమ్స్ పూనికతో ఈ వ్యాధి మీద మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. అప్పటికి స్టెరాయిడ్లు కూడా వాడుకలోకి వచ్చాయి.

హచిన్సన్ చూసిన బొగ్గు రేవు కార్మికుని మూత్రపిండాల విషయానికి ఇప్పుడు వద్దాం. 1939లో అమెరికాలో హారెల్, ఫిషర్ అనే వైద్యులు ఈ రోగులలో కొందరికి రక్తంలో కాల్షియం హెచ్చుగా ఉంటుందని గమనించారు. కారణం చాలాకాలం అంతుపట్టలేదు. విటమిన్ డి మన శరీరంలో పూర్తి శక్తి గల రూపానికి మారేది మూత్రపిండాలలో. అయితే 1981లో, మూత్రపిండాలు లేని ఒక సార్కాయిడోసిస్ రోగిలో కూడా ఆ శక్తివంతమైన రూపం హెచ్చుగా ఉన్నట్లు ప్రచురితమైంది. మూత్రపిండాలే లేనప్పుడు దానిని తయారు చేస్తున్నది ఎవరు? ఆ గ్రాన్యులోమాలలోని కణాలే. రెండేళ్ళలో ఊపిరితిత్తుల నుంచి తీసిన కణాలలో ఆ సంగతి నేరుగా రుజువైంది. మూత్రపిండానికి ఉన్న అదుపు ఈ కణాలకు లేదు. దొరికిన విటమిన్ డినంతా మారుస్తూనే ఉంటాయి. ఫలితంగా కాల్షియం పెరిగి, మూత్రపిండాలలో రాళ్ళు, చివరికి మూత్రపిండాల వైఫల్యం. ఆ కార్మికుని మరణానికి ఇదే కారణమై ఉంటుందని తరువాతి రచయితలు ఊహించారు.

మన సీమ ఎండలలో ఈ ఒక్క సంగతి చాలా ముఖ్యం. ఎండ తగిలితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. ఈ రోగులలో కాల్షియం వేసవిలో పెరగడం ఐరోపాలోనే గమనించారు. దానికి తోడు, నీరసమన్నా, కీళ్ళ నొప్పులన్నా మందుల దుకాణంలో 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లం, కాల్షియం మాత్రలు అడిగి తెచ్చుకోవడం ఈ రోజుల్లో అలవాటైంది. సార్కాయిడోసిస్ ఉన్నవారు, లేదా ఆ అనుమానం ఉన్నవారు, రక్తంలో కాల్షియం పరీక్ష చేయించకుండా వాటిని వాడరాదు. పదే పదే రాళ్ళు వస్తున్న వ్యక్తికి కంటి వాపో, దగ్గో కూడా ఉన్నదని చెబితే, రాయి తీసి పంపించే ముందు ఒకసారి ఛాతీ ఎక్స్‌రే చూడవలసి ఉంటుంది.

భారతదేశంలో ముక్క పరీక్షతో నిర్ధారించిన కేసుల నివేదికలు 1950ల రెండవ భాగంలో మొదలయ్యాయి. మద్రాసులో చర్మవ్యాధుల ఆచార్యుడు ఆర్.వి. రాజం బృందం తొలి నివేదికలు ఇచ్చిన వారిలో ఉన్నది. కలకత్తాలో ఎస్.కె. గుప్తా దశాబ్దాల పాటు ఓపికగా రోగులను పరిశీలించి, 1985లో సహచరులతో కలసి ఒక బ్రిటిష్ పత్రికలో విస్తారమైన అనుభవాన్ని ప్రకటించారు. అంతకు ముందు పాఠ్యగ్రంథాలలో ఇది స్కాండినేవియన్లకూ, అమెరికాలోని నల్లజాతి వారికీ వచ్చే వ్యాధిగానే ఉండేది. భారతీయులకు రాదని ఎవరూ నిరూపించలేదు, వెదకలేదు, అంతే.

క్షయ నీడలో మరో వ్యాధి దాగి ఉండగలదని మన రాయలసీమలోనే అంతకు ముందు రుజువైంది. అది సార్కాయిడోసిస్ కాకపోయినా, కథకు సరిగ్గా సంబంధించినదే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. దాని తొలి అధిపతి డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్. అక్కడికి క్షయ రోగులుగా వచ్చిన కొందరిలో దగ్గు ఉన్నది, ఎక్స్‌రేలో చుక్కలు ఉన్నాయి, కాని తెమడలో క్షయ సూక్ష్మజీవి లేదు; రక్తంలో ఈసినోఫిల్ కణాలు విపరీతంగా ఉన్నాయి. ఆయన, బార్టన్ కలసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో దీనిని ‘క్షయను పోలిన స్థితి’గా వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టాడు; బోదకాలు కలిగించే ఫైలేరియా క్రిములకు శరీరం చూపే ప్రతిస్పందన అని ఆ తరువాత తేలింది. పడకలన్నీ క్షయ రోగులతో నిండిన ఆసుపత్రిలో, సూక్ష్మజీవి దొరకనప్పుడు ‘ఇది క్షయ కాకపోవచ్చు’ అనుకోవడం తేలిక కాదు. అదీ ఎక్కడో కాదు, మదనపల్లె దగ్గర జరిగింది.

ఇక గుండె. గుండె కండరంలో ఈ వ్యాధిని 1929లో అమెరికాలో మొదట వర్ణించారు. చాలాకాలం అది విచిత్రంగానే మిగిలింది. 1978లో సిల్వర్‌మన్ బృందం సార్కాయిడోసిస్‌తో ఉన్న 84 మందిని మరణానంతరం పరీక్షిస్తే 23 మంది గుండెల్లో గ్రాన్యులోమాలు ఉన్నాయి. అనగా నూటికి 27. బతికి ఉండగా గుండె లక్షణాలు బయటపడేది మాత్రం నూటికి అయిదుగురిలోనే అన్నది అప్పటి లెక్క. జపాన్‌లో ఈ వ్యాధితో మరణించేవారిలో ఎక్కువమందికి గుండే కారణమని తేలడంతో, అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఆధ్వర్యంలో 1993లో గుండె సార్కాయిడోసిస్‌కు నిర్ధారణ సూత్రాలు వెలువడ్డాయి.

తెలుగు గడ్డ మీద ఈ విషయంలో గణనీయమైన పని హైదరాబాదులో జరిగింది. కేర్ ఆసుపత్రిలో డాక్టర్ కలంబూర్ నరసింహన్, సహచరులు ఒక చిక్కు ప్రశ్న వేసుకున్నారు. గుండె పంపు శక్తి బాగానే ఉన్నది, అయినా కింది గదుల నుంచి ప్రమాదకరమైన వేగంతో గుండె కొట్టుకుంటున్నది, ఎందువల్ల? ఎమ్మారై, పెట్ స్కాన్‌లలో కొందరి గుండె కండరంలో మచ్చ, వాపు కనిపించాయి. ఛాతీ మధ్యలో లింఫు గ్రంథులు కూడా ఉబ్బి ఉన్నాయి. గుండె నుంచి ముక్క తీయడం కష్టం, తీసినా వ్యాధి ఉన్న చోటు తప్పిపోవచ్చు. ఆ గ్రంథి నుంచి తీయడం తేలిక. అక్కడ గ్రాన్యులోమాలు దొరికాయి. కొందరిలో క్షయ, కొందరిలో సార్కాయిడోసిస్. 2011లో ఇది అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ప్రచురితమైంది. ఐరోపా గ్రంథాలు చెప్పినట్లు గుండెలో గ్రాన్యులోమా అనగానే సార్కాయిడోసిస్ అనుకోవడం మన దగ్గర చెల్లదు; అట్లాగే గ్రాన్యులోమా అనగానే క్షయ అనుకోవడమూ చెల్లదు. ఈ రెండు హెచ్చరికలూ ఒకే వ్యాసంలో ఉండడం చేత దానికి నేను అంత విలువ ఇస్తాను. యాభై ఏళ్ళ లోపువారికి కారణం తెలియకుండా గుండె లయ తప్పినా, విద్యుత్ ప్రసారం ఆగి పేస్‌మేకరు అవసరమైనా, నేడు జాగ్రత్త గల గుండె వైద్యులు ఛాతీ గ్రంథుల వైపు కూడా చూస్తున్నారు.

రెంటికీ తేడా ఎందుకంత ముఖ్యం? క్షయ ఉన్నవారికి స్టెరాయిడ్ మాత్రమే ఇస్తే రోగం అంటుకున్న గడ్డివామి లాగా చెలరేగవచ్చు. సార్కాయిడోసిస్ ఉన్నవారికి ఆరు నెలలు క్షయ మందులు ఇస్తే రోగం పోదు, కాలేయం దెబ్బతినవచ్చు. కంటిలోనో గుండెలోనో ఉన్న వ్యాధి ఈ లోగా ముదురుతుంది. ఇందులో ఒక మాయ కూడా ఉన్నది. సార్కాయిడోసిస్ చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. క్షయ మందులు వాడుతుండగా తగ్గితే, ‘తగ్గింది కనుక క్షయే’ అని రోగి, వైద్యుడు ఇద్దరూ నిశ్చింతగా ఉంటారు. క్షయ మందులు, స్టెరాయిడ్ రెండూ ఒకేసారి మొదలుపెట్టే పద్ధతి కూడా ఉన్నది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్పకపోవచ్చును గాని, నిర్ధారణకు ప్రయత్నించకుండా అలా చేస్తే ఏ మందుకు తగ్గిందో ఎప్పటికీ తెలియదు. రిఫాంపిసిన్ స్టెరాయిడ్‌ను శరీరం నుంచి త్వరగా తొలగిస్తుంది కనుక దాని మోతాదు లెక్క కూడా తప్పుతుంది.

అరుదైన చోట్ల గురించి మరికొంత. మెదడులోని పిట్యూటరీ గ్రంథి ప్రాంతంలో ఈ వ్యాధి వస్తే విపరీతమైన దాహం, రోజంతా మూత్రం. చక్కెర పరీక్ష మాత్రం మామూలుగా ఉంటుంది. ముఖనాడిని తాకితే మూతి వంకర పోతుంది, కొందరిలో రెండు వైపులా. రొమ్ములో గడ్డగా వచ్చి క్యాన్సరుగా, వృషణం దగ్గర గడ్డగా వచ్చి క్షయగా భ్రమ కలిగిస్తుంది. పాత గాయపు మచ్చ, టీకా మచ్చ, చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఏళ్ళ తరువాత ఉన్నట్లుండి ఎర్రబడి ఉబ్బితే అందులోనూ ఇది ఉండవచ్చు. మన పెద్దమ్మల చేతుల మీది పచ్చబొట్లు చూసే వైద్యులు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే మేలు. చర్మపు మచ్చలో స్పర్శ పోయి ఉంటే కుష్ఠు వైపు అనుమానం. స్పర్శ చెడకుండా ఉంటే సార్కాయిడోసిస్‌ను కూడా తలచుకోవాలి. కన్ను మాత్రం ఆలస్యాన్ని సహించదు. లోపలి పొర వాపు పదే పదే వచ్చి, చుక్కల మందుతో తాత్కాలికంగా తగ్గుతున్న వారు ఛాతీ ఎక్స్‌రే, క్షయ చర్మపరీక్ష చేయించుకోవాలి. అందరికీ బీసీజీ వేసే మన దేశంలో ఆ చర్మపరీక్షకు ఏ మాత్రం ప్రతిస్పందన లేకపోవడం కూడా ఒక సూచన. కంటి సార్కాయిడోసిస్ మీద జరిగిన అంతర్జాతీయ సమావేశం తన సూత్రాలలో దానిని చేర్చింది. రక్తంలో ఏసీఈ అనే పరీక్ష 1975 నుంచి వాడుకలో ఉన్నా, దానిని మాత్రమే నమ్ముకొని రోగం ఉన్నదని గాని లేదని గాని తేల్చరాదు.

గుడిబండ వంటి చోటి నుంచి హిందూపురానికో, బెంగుళూరుకో వెళ్ళి ముక్క పరీక్ష చేయించుకునేవారు, అది తీయకముందే వైద్యుని ఒక మాట అడగండి. తీసిన ముక్కనంతా ఫార్మలిన్ సీసాలో వేస్తే సూక్ష్మదర్శిని పరీక్షకు పనికి వస్తుంది గాని, అందులో క్షయ క్రిమి చచ్చిపోతుంది, కల్చర్ చేయడం కుదరదు. కొంత భాగాన్ని ఫార్మలిన్ తగలకుండా శుభ్రమైన సెలైన్‌లో వేరే సీసాలో పెట్టించి, క్షయ కల్చర్‌కు, సీబీనాట్ పరీక్షకు అదే రోజు పంపించాలి. ఆ రెండవ సీసా మీద కూడా మీ పేరు, తేదీ, ముక్క ఏ భాగం నుంచి తీశారో రాయించండి; మీకు ఇంతకు ముందు కంటికి, చర్మానికి, మూత్రపిండాలకు జరిగిన చికిత్సల కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టుకొని, అడగకపోయినా చూపించండి.